మూడో కూత వాళ్ళు ఊళ్ళోకి దిగిన సాయంత్రం

ఆ బ్యాండు లేదు. ఎప్పుడూ లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇప్పటికీ నెల్లిమర్లలో కొందరు "మా నాన్న ఆళ్ళ పాట ఇన్నాడు, నీకేటి తెలుసు?" అని నాతోనే వాదనకి దిగుతారు. నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? వాళ్ళని పుట్టించింది నేనే. జాకెట్లు కుట్టే మిషను ముందు కూర్చుని, కాజాలు కుట్టే వేళ్ళతోనే పుట్టించాను.

పదో తరగతి తర్వాత నన్ను చదివించింది మా శాఖా గ్రంథాలయం. ఇది గొప్పకి చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి, గొప్పకే చెబుతున్నాను. కాలేజీ మెట్లెక్కకుండా నక్షత్రాల గురించి చదివాను, రక్తం గ్రూపుల గురించి చదివాను, జనపనార ఏ నేలలో పండుతుందో చదివాను. నా టైలరు కొట్టు మధ్యాహ్నం మూసి, నాలుగింటికి లైబ్రరీ తెరిచేసరికి గుమ్మం దగ్గర ఉండేదాన్ని. బైండు చేసిన పాత వారపత్రికల్లో చిన్న చిన్న ప్రకటనలు కూడా వదల్లేదు. అలా ఒకరోజు కింది అరలో, చెదలు ఒక మూల రుచి చూసి వదిలేసిన పుస్తకం ఒకటి దొరికింది. పాశ్చాత్య సంగీతం గురించి. అందులో నలుగురేసి కుర్రాళ్ళ బృందాల ఫొటోలు. ఒకే రకం చొక్కాలు, గంటల్లా వెడల్పైన ప్యాంట్లు, మెడలో గిటార్లు. ఎవరూ కదలడంలేదు, అందరూ మన వైపే చూస్తున్నారు.

ఆ పేజీ దగ్గర నా మనసు ఆగిపోయింది. మా ఊళ్ళో ఇలాంటి నలుగురు ఉండి ఉంటే?

డెబ్బయ్యవ దశకం అనుకున్నాను. జూటు మిల్లు క్వార్టర్లలో నలుగురు కుర్రాళ్ళు. మగ్గాల హోరులో ఏ పాటా వినిపించదు కాబట్టి, మిల్లు మూడో కూత కూసి ఒక షిఫ్టు దిగి ఇంకో షిఫ్టు ఎక్కే ఆ కాస్త సందులోనే వాయిస్తారు. అందుకే వాళ్ళ పేరు 'మూడో కూత'. పుట్టుక, గొడవలు, భావనపాడు ఇసుకలో జాలర్ల కోసం చేసిన కచేరీ, విడిపోవడం, అన్నీ నిజంగా జరిగినట్టే రాశాను. వాళ్ళకి రెండు పాటలు కూడా కట్టాను. రెండో పాట ఇలా మొదలవుతుంది:

మూడో కూత కూసేసింది, ముసిముసి నవ్వే సందు
జూటు దుమ్ము దులుపుకు రావే, జుంజుం చెయ్యి నా ముందు

రెండు చరణాలు వచ్చాయి. మూడోది ఎంతకీ రాలేదు. "మూడో చరణం ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు" అని రాసి తప్పించుకున్నాను. చరిత్ర పుస్తకాల్లో వాళ్ళు కూడా ఇలాగే చేస్తారని నాకు అనుమానం.

మా ఊరి మీదుగా పెద్ద తుపాను వెళ్ళిన మరుసటి ఏడు ఉగాదికి లైబ్రరీలో కవుల సమావేశం పెట్టారు. అందరూ కవితలు చదివారు, నేను ఈ చరిత్ర చదివాను. కల్పితమని ముందే చెప్పాను. అయినా జనం బల్లలు చరిచారు. మా లైబ్రేరియన్ మేడమ్ మామూలుగా నవ్వే మనిషి కాదు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని అడిగింది.

"పాటలు బాగున్నాయి. పాడేదెవరు?"

"వాళ్ళు లేరు కదండీ మేడమ్."

"లేకపోతే తెద్దాం. నవంబర్లో గ్రంథాలయ వారోత్సవాలు. ఆఖరి రోజు సాయంత్రం నీదే."

ఆ మాటతో నాకు ఇంటి దారి కూడా కనిపించలేదు. అన్నం ముందు కూర్చుని నవ్వుతూనే ఉన్నాను. నా తలలో మాత్రమే మోగిన పాట బయట గాలిలో మోగుతుందా?

మనుషుల్ని వెతకడానికి ఎక్కువ దూరం పోలేదు. మా మేనమామది పెళ్ళిళ్ళ బ్యాండు పార్టీ. ఆయన క్లారినెట్ ఊదుతాడు, ఆయన కొడుకు, అంటే నాకు బావ, భుజానికి వేలాడదీసుకుని డ్రమ్ము వాయిస్తాడు. ఒకప్పుడు మాఘమాసం వస్తే మావ ఇంట్లో దొరికేవాడు కాదు. ఇప్పుడు పెళ్ళికి డీజే బాక్సులు కట్టిన వ్యాను వస్తే చాలు, బ్యాండు అక్కర్లేదు. ముందే కబురు పెట్టాను. నేను వెళ్ళేసరికి మావ క్లారినెట్‌ని ఐదు ముక్కలుగా విప్పి, గుడ్డ మీద పరిచి, నూనె రాస్తున్నాడు.

"పలాసా నించి ఒకడొస్తాడే కోడలా, ఇది అట్టుకెల్లిపోడానికి" అన్నాడు తల ఎత్తకుండా. "లైబ్రరీ పండగైపోయిన ఆదివారం రమ్మన్నాను. నీ ముచ్చట తీర్చీసి అమ్మీద్దావని. ఆ పైన విశాపట్నంలో వాచ్‌మేన్ పని సూసినాడు మీ బావ."

"అమ్మకు మావా."

"ఎందుకమ్మకూడదే? మీసం మొలిసినకాడ్నించి ఊదతన్నాను. ఒక్కడైనా ఆగి ఇన్నాడా? నా ముందు గెంతుతారు, ఈలలేస్తారు, ఎల్లిపోతారు. పెళ్ళికొడుకు కారు కదిల్తే నానూ కదలాల. ఒక్కపాలి, ఒక్క పాటకి, జనం ఆగి ఇంటే... సర్లే. నువ్వు రాసిన బొక్కులో ఏటున్నాదో సెప్పు."

చెప్పాను. నలుగురు, స్టేజీ, ఎదురుగా కుర్చీల్లో జనం. కుర్చీల మాట రాగానే ఆయన చేతిలో నూనె గుడ్డ ఆగింది.

"కుర్సీలేస్తారా? కూకుంటారా జనం?"

"కూర్చునే వింటారు మావా."

పక్క గదిలోంచి బావ వచ్చాడు. "ఈ కథలో నాను సస్తానేటే?"

"చావవు. డ్రమ్ము వాయిస్తావు."

"హీరోయిన్ ఎవులు?"

"హీరోయిన్ లేదు."

"ఐతే నాను రాను" అన్నాడు గానీ, మొదటి రిహార్సలుకి అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు.

మూడో మనిషి గిటారు మాస్టారు. ఆస్పత్రి ల్యాబులో పని, ఆదివారం బాప్టిస్టు చర్చిలో గిటారు. నేను కుట్టిన జాకెట్లు ఆయన భార్య వేసుకుంటుంది, ఆ చనువుతో అడిగాను. పాస్టరు గారిని అడగాలన్నారు. పాస్టరు గారు పాట రెండుసార్లు చదివి, "ఈ జుంజుం ఏమిటమ్మా?" అన్నారు. మగ్గం చప్పుడండి అన్నాను. "మా నాన్న ఆ మగ్గాల మీదే పనిచేశాడు. అది జుంజుం కాదు, ధణధణ" అని నవ్వి, వెళ్ళమన్నారు.

నాలుగో ఆయన కిరాణా కొట్టు బాబాయి. భజనల్లో ఆయన గొంతెత్తితే పక్కవీధి వాళ్ళు కూడా తాళం వేస్తారు. కొట్టు కట్టేసి రావాలంటే పిన్ని ఒప్పుకోదేమో అనుకున్నాను. పిన్నే తోసి పంపింది. "తీసికెళ్ళమ్మా, ఆ గొంతేదో ఊరికి పంచిపెట్టు, మా ఇంట్లో చెవులు నిండిపోయాయి" అంది.

శుక్రవారం లైబ్రరీకి సెలవు. మేడమ్ తాళం తీసి, దినపత్రికల బల్లలు గోడకి జరిపి, రీడింగ్ రూము మాకు ఇచ్చింది. 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు కింద నా బ్యాండు ప్రాణం పోసుకోవడం మొదలుపెట్టింది.

మొదలుపెట్టడమే గానీ, ఆ తొలి శుక్రవారం వినాలి మీరు. బాబాయికి భజన అలవాటు. ప్రతి లైను చివర సాగదీసి, మిగతావాళ్ళు అందుకోవాలని చెయ్యి చెవి దగ్గర పెట్టి ఎదురుచూస్తాడు. గిటారు మాస్టారికి కీర్తనల అలవాటు. పాట చివరికొచ్చేసరికి నెమ్మదించి, నెమ్మదించి, ఆమెన్ అన్నట్టు ఆపుతారు. పాత పాప్ పాట అలా ఉండదండీ, చివర్లో ఇంకా పరుగెత్తాలండీ అని నేను చదివినదంతా చెప్పాను. నా కత్తెర తెచ్చి బల్ల మీద టక్ టక్ మని కొడుతూ తాళం పట్టించాను. మిషను కుట్టేవాళ్ళకి తాళం ఎవరూ నేర్పనక్కర్లేదు, పాదాల్లోనే ఉంటుంది.

అందరికంటే పెద్ద చిక్కు మావ. రెండు లైన్లు ఊదాడో లేదో, గదిలో నడవడం మొదలుపెట్టాడు. బీరువాల మధ్యనుంచి, పిల్లల పుస్తకాల దగ్గరనుంచి, కిటికీ వరకూ వెళ్ళి మళ్ళీ తిరిగొచ్చాడు. వెనకే బావ, డ్రమ్ముతో.

"మావా, ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదే. ఊదతన్నాను."

"నిలబడి ఊదు."

నిలబడ్డాడు. రెండో శ్వాసకి స్వరం పగిలిపోయింది. ముఖం ఎర్రబడింది. "అవదే కోడలా. కాలాగితే ఊపిరాగిపోతాది. ఎప్పుడూ నిలబడి ఊదనేదు నాను."

నేను అరలోంచి ఆ పుస్తకం తీసి ఫొటో చూపించాను. "చూడు, వీళ్ళెవరైనా కదులుతున్నారా?"

మావ ఫొటోని చాలాసేపు చూశాడు. "ఫొటోలో ఎవుడు కదుల్తాడే?" అన్నాడు. బావ డ్రమ్ము మీద పడి నవ్వాడు. మేడమ్ బీరువా వెనక్కి వెళ్ళి నవ్వింది.

ఆఖరికి ఒప్పందం కుదిరింది. ఉన్నచోటే అడుగులు వేస్తూ ఊదాలి. నేను సుద్దముక్కతో నేల మీద గుండ్రంగా గీశాను, దాన్ని దాటకూడదు. వారం వారం ఆ గుండ్రం లోపల మావ చెప్పులు లెఫ్ట్ రైట్ లెఫ్ట్ రైట్ అంటుంటే, పాట మెల్లగా పాటయింది. ఒక శుక్రవారం నలుగురూ ఒక్కసారిగా "జుంజుం" దగ్గర కలిశారు. క్లారినెట్ పైకి లేచింది, గిటారు కిందనుంచి అందుకుంది, బాబాయి సాగదీయకుండా టక్కున వదిలాడు. నా తలలో మోగినదాని కంటే ఇది బాగుంది! మాస్టారు గిటారు తీగల మీద చెయ్యి పెట్టి ఆపి, "ఇదేనా?" అన్నారు. ఇదే, ఇదే అని గెంతాను. నా వయసు ఆడవాళ్ళు లైబ్రరీలో గెంతకూడదని ఎక్కడా రాసిలేదు.

బట్టలు నా వంతు. చొక్కాలకి పొందూరు ఖద్దరు, కాలర్లు కుక్క చెవులంత. ప్యాంట్లకి కొత్త గుడ్డ అక్కర్లేకుండా ఉన్నవే తెమ్మని, మోకాలి కింద కుట్టు విప్పి మూడు మూలల ముక్క అతికాను. ఆ రోజుల్లో బీదవాళ్ళు బెల్‌బాటం అలాగే కుట్టించుకునేవారని పాత పత్రికలో చదివాను. బాబాయి ప్యాంటు నడుం దగ్గర కూడా ఒక ముక్క పడింది. "ఇది కూడా డెబ్బయ్యో దశకం ఫ్యాషనేనా అమ్మా?" అని అడిగాడు. అవునన్నాను.

వారోత్సవాల ఆఖరి సాయంత్రం లైబ్రరీ ముందు ఖాళీ స్థలంలో కుర్చీలు నిండాయి. వెనక నిలబడ్డవాళ్ళు, గోడెక్కినవాళ్ళు, శనక్కాయల బండివాడు. బల్లలు కలిపి కట్టి తివాచీ పరిచిన స్టేజీ, దాని మీద కూడా మావ కోసం నేను సుద్దతో గీసిన గుండ్రం. ఇంకా వెలుతురు పోలేదు. మేడమ్ మైకులో, "ఎప్పుడూ లేని మూడో కూత బృందం, ఈరోజు మీ ముందు" అంది. నలుగురూ ఆ ప్యాంట్లతో వరసగా వచ్చేసరికి లేచిన కేకలకి కాకులు లేచిపోయాయి.

"ఒలమ్మో, కొట్టు బాబు కాళ్ళకి లంగాలు కట్టినారేటి!"

మావ కుర్చీల్ని చూస్తున్నాడు. వరసలు వరసలుగా, తన వైపే తిరిగి కూర్చున్న జనాన్ని.

మొదటి పాట మొదలైంది. అప్పుడు తెలిసింది, మేము లైబ్రరీ సిమెంటు నేల మీద సాధన చేశాం. ఇక్కడ మావ ఒక అడుగు వేస్తే బల్ల లేచి పడుతోంది, మైకు స్తంభం ఊగి కీచుమంటోంది. జనం చెవులు మూసుకున్నారు. మాస్టారు కళ్ళతో ఆపమన్నారు. మావ పాదాలు ఆపాడు. సుద్ద గీత మధ్యలో, ఫొటోలో మనిషిలా నిలబడ్డాడు. ఆ తర్వాత స్వరం రెండుసార్లు తెగింది. మూడోసారి ఒట్టి గాలి వచ్చింది. ముందు వరసలో ఒకాయన సెల్ఫోను తీశాడు. వెనక ఇద్దరు లేచి శనక్కాయల బండి వైపు నడిచారు, ఇంకో నలుగురు వాళ్ళ వెనక. పాట అయ్యేసరికి చప్పట్లు చినుకుల్లా పడి ఆగిపోయాయి.

నేను స్టేజీ పక్క నిలబడి ఉన్నాను. మావ నన్ను చూడలేదు, ఖాళీ అయిన కుర్చీల్ని చూశాడు. ఆదివారం పలాసా మనిషి వస్తాడు. ఈయన చేతిలోంచి ఆ క్లారినెట్ వెళ్ళిపోయేది ఇలాగా అనుకున్నాను.

"మావా!" అని అరిచాను. "గీత దాటీ!"

నా నోట్లోంచి మా యాసే వచ్చింది, పుస్తకాల భాష కాదు. ఆయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. బావ రెండో పాటకి దెబ్బ వేశాడు. మావ ఊపిరి తీసుకుని మొదటి అడుగు వేశాడు, గీత దాటాడు, రెండో అడుగుకి స్టేజీ మెట్టు, మూడో అడుగుకి నేల. క్లారినెట్ ఎలా లేచిందనుకున్నారు! రీడింగ్ రూములో కూడా అలా మోగలేదు. బావ అలవాటుకొద్దీ ఆయన వెనకే దిగాడు. కుర్చీల మధ్య దారిలోంచి ఇద్దరూ గేటు వైపు.

"ఒరే ఒరే, ఎక్కడికిరా?" బాబాయి మైకు పట్టుకుని వెంటపడ్డాడు, వైరు అయిపోయింది, మైకు పారేసి ఒట్టి గొంతుతో అందుకున్నాడు. ఆ గొంతుకి మైకెందుకు! మాస్టారు గిటారు వైరు పీకేసి, బెల్‌బాటం కాళ్ళకి అడ్డం పడుతుంటే ఒక చేత్తో ప్యాంటు ఎత్తిపట్టి పరుగెత్తారు.

జనం ఇదంతా కచేరీలో భాగమే అనుకున్నారు. కుర్చీలు ఖాళీ అయ్యాయి, అందరూ రోడ్డు మీదకి. పెళ్ళి ఊరేగింపు అలవాటు మా ఊళ్ళో ఎవరికి లేదు? బ్యాండు ముందు గెంతేవాళ్ళు ముందుకి, ఆడవాళ్ళు వెనక్కి, ఎవరూ చెప్పకుండా వరస కట్టేశారు.

"పెళ్ళికొడుకేడిరా?" అని ఎవరో అరిచారు.

"కొట్టు బాబే! సూడు, సింగారం సూడు!"

ఎవరో మేడమ్ మెడలోని సన్మానం దండ తీసుకెళ్ళి బాబాయి మెడలో వేశారు. బాబాయి పాడుతూనే దండం పెట్టాడు. మేడమ్ లైబ్రరీ తాళాలు చేత్తో పట్టుకుని పెళ్ళి పెద్దలా నడుస్తోంది. మేడల మీద నుంచి పిల్లలు జుంజుం అంటున్నారు. నా పాట! ఇళ్ళ గుమ్మాల్లోంచి నా పాట వినిపిస్తోంది!

రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడిపోయి ఉంది. ఇటు ఒక బస్సు, ఆటోలు, సైకిళ్ళు. పెళ్ళి ఊరేగింపుకి గేటు పడితే బ్యాండు ఆగుతుంది. వాయించేవాళ్ళు నీళ్ళు తాగి, బీడీ ముట్టించుకుంటారు. అదే పద్ధతి. మావ పాట ముగించి క్లారినెట్ దించాడు.

"వన్స్ మోర్!" అని బస్సు కిటికీలోంచి ఒక ముసలాయన. ఆ వెంటనే అందరూ. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

మావ గేటు వంక చూశాడు. నడవడానికి దారి లేదు. పెదవులు తడి చేసుకున్నాడు, క్లారినెట్ ఎత్తాడు. ఈసారి డ్రమ్ము లేదు, బావ కర్రలు ఎత్తి అలాగే ఉండిపోయాడు. మొదటి లైను మావ ఒక్కడే, నెమ్మదిగా ఊదాడు. గెంతేవాళ్ళు ఆగారు. ఆటోవాళ్ళు ఇంజన్లు ఆపారు, ఒకదాని తర్వాత ఒకటి. రైలు వచ్చింది, హోరుమని పోయింది. ఆ హోరులో కూడా ఆయన ఆపలేదు. రైలు పోయాక పాట ఇంకా అక్కడే ఉంది.

గేటు లేచింది.

ఎవరూ కదల్లేదు. బస్సు డ్రైవరు స్టీరింగు మీద గడ్డం ఆనించి వింటున్నాడు. వెనకెక్కడో ఒక మోటారు సైకిలువాడు హారన్ కొట్టాడు.

"ఉండ్రా ఒరే! పాటయ్యీదాకా ఆగలేవేటి?" వందమంది కాకపోయినా, వందమందిలా కసిరారు.

నేను మావ కాళ్ళ వైపు చూశాను. నేను కుట్టిన బెల్‌బాటం అంచుల కింద రెండు పాదాలూ మట్టిలో దిగబడినట్టు కదలకుండా ఉన్నాయి. ఆయనకి ఆ సంగతి తెలియదు. బావ చూశాడు, నన్ను చూశాడు, కర్రతో చూపించాడు. నేను మాట్లాడకు అన్నట్టు నోటి మీద వేలేసుకున్నాను. బావ నోరు మూసుకుని ఉండటం నాకు తెలిసి అదే మొదలు.

పాట అయ్యాక చప్పట్లు ఎంతసేపో చెప్పను, అతిశయం అంటారు. బస్సు కదిలేటప్పుడు ఆ ముసలాయన కిటికీలోంచి వంగి, "మిల్లు మైదానంలో మిమ్మల్ని సూసినాను నాను, అప్పట్లో! ఇదే పాట!" అని అరిచాడు. ఆ పాట పుట్టి ఏడాది కూడా కాలేదు. ఎవరూ కాదనలేదు. మావ అయితే చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు.

తిరిగి వస్తుంటే చీకటి పడింది. మావ క్లారినెట్ విప్పలేదు. ముక్కలు చేసి పెట్టెలో పెట్టేవాడు ఎప్పుడూ, ఆ రోజు భుజాన కర్రలా పెట్టుకుని నడిచాడు.

"కోడలా."

"ఏంటి మావా?"

"ఆ పాటకి మూడో సరణం లేదేటి?"

"ఎవరికీ గుర్తు లేదని రాశాను కదా."

"ఎవులికీ గుర్తు లేకపోతే నువ్వు రాసీ. రేపు బొక్కుల కాడ కూకుని రాసీ. రెండు సరణాలకే బస్సాపినాం. మూడోది కూడా ఉంటే రైలాపీవచ్చు."

వెనక నుంచి బావ అడిగాడు. "మరి ఆదివారం పలాసా నించి వస్తాడు కదా నాన్నా, ఆడికేటి సెప్పాల?"

మావ నడక ఆపలేదు. "కుర్సీ ఏసి కూకోబెట్టు. ఊది ఇనిపించి పంపిస్తాను."